ఇంకొక్క రాడ్డు

కేసింగ్ పైపు జారి నా ఎడమచెయ్యి నలిగిన నాటినుంచి
మా ఇంటికి ఆపిల్ పండ్లు వస్తున్నయి.
చూడవచ్చినోళ్లు ఒట్టి చేతులతో రారు కద,
దేవరకొండ బస్టాండు కాడ బండి మీద
నాలుగు జోకిచ్చుకొని
నల్లకవరు గోడ మొలకు తగిలించి
"ఎట్లున్నది సైదులన్నా" అంటరు.
జామకాయలు తెచ్చినోడు ఒక్కడు లేడు.
రోగం వస్తెనే ఆపిల్,
బాగున్ననాడు పల్లికాయ.

తొమ్మిదో రోజుకు ముప్పై ఒకటయినయి.
కొన్ని మెత్తబడ్డయి, ఒకదానికి చెంప కమిలింది
నా వేళ్ల లెక్కనే.
సెలవులకొచ్చిన మా నవనీత
స్టిక్కర్లన్నీ ఒలిచి బీరువా తలుపుకు అంటించి
"పారెయ్యొద్దు నాయినా, వీటికొక పని చెప్త" అన్నది.

ఆ సాయంత్రం పెరుగును
నా పాత తెల్ల లుంగీ ముక్కల మూటగట్టి
నల్లాకు వేలాడదీసింది. కింద సత్తు గిన్నె.
అందరు పండుకున్నంక మొదలైంది,
టప్.
కొంచెం ఆగి, టప్.
ఇరవై ఏండ్లు రిగ్గు మోత విన్న చెవి నాది.
బండ పగిలే చప్పుడుకూ
పొడి దుమ్ము లేచే చప్పుడుకూ
తేడా చెప్పగల చెవి.
ఆ రాత్రి నిద్ర పోలే.
కట్టు చెయ్యి పొట్టమీద పెట్టుకొని
వంటింట్ల పడ్డ నీళ్లను వింటనే ఉన్న.

తెల్లారి ఆపిల్ తొక్క తీసి, సన్నగ తరిగి,
బెల్లం, రెండు యాలకులు,
బిర్యాని మసాల పొట్లంలకెల్లి ఏరిన దాల్చినచెక్క ఇంత.
కడాయిల తెల్లముక్కలు మెల్లగ
ఇటుక రంగుకు తిరిగినయి.
పల్లీలు వేయించి, పొట్టు ఊది,
రోట్లె బరకబరకగ దంచింది.
మా ఇదమ్మ గడప మీద కూసొని
"గింత గట్టి పెరుగుకు పోపు పెడితె
ముగ్గురం అన్నం తిందుము" అని ఒక్కటే గొణుగుడు.

అద్దం గిలాసలు మా ఇంట్ల రెండే,
చాయిపత్తితోని ఊరికె వచ్చినయి.
మూడోదానికి ఊరగాయ సీస కడిగింది,
ఎంత కడిగినా ఆవాల వాసన పోలే.
అది తనదే అన్నది.

అడుగున పల్లిపొడి.
దాని మీద ఆపిల్.
దాని మీద పెరుగు, చెంచ వెనకతోని సాపు చేసి.
మళ్ల పొడి, మళ్ల ఆపిల్, మళ్ల పెరుగు.
గిలాస కిటికీ వెలుగుల పెట్టి
"చూడు నాయినా" అన్నది.

చూసిన.
చూసి నోరు పెగల్లే.

సుద్ద. దానికింద ఎర్రమన్ను. దానికింద మొరం.
వరస తప్పింది గని, భూమే.
నిలువున ఎన్నడన్న చూసిన్నా దాన్ని?
మాకు కనపడేది పిడికెడు పిడికెడుగనే,
పైపు చుట్టు కక్కిన పొడిగ.
రైతు గొంతుక్కూసొని ఆ పొడిని వేళ్ల నడుమ నలిపి
వాసన చూస్తడు.
చింతపల్లి దిక్కు ఒకాయన, జంగయ్య,
ఏడువందల ఇరవై కాడ ఆపుదమంటె
నా దిక్కు చూడకుంటనే అన్నడు:
"ఇంకొక్క రాడ్డు."
దింపినం.
"ఇంకొక్కటి."
లోతుకు పోయినకొద్ది రేటు పెరుగుతదని
ఆయనకు తెలుసు, నాకు తెలుసు.
తొమ్మిదొందలకు కూడ పొయ్యిల బూడిదె లెక్క దుమ్ము,
ఆయన కనురెప్పల మీద, నా నాలిక మీద.
పైసలు లెక్కవెట్టి ఇచ్చి, మాకు చాయ తెప్పిచ్చిండు.
ఆ చాయ రుచి నేను ఎవ్వలికీ చెప్పలే.

"ఏమాలోచన, తిను" అంటున్నది నవనీత.
చెంచతోని పైపైన గీకుతుంటె
"గట్ల కాదు, నిలువున దించాలె,
అన్నీ ఒక్కసారి రావాలె" అని
నాకు బోరెయ్యడం నేర్పుతున్నది!
దించిన.
సల్లటి పులుపు, దానెనక తీపి,
ఇంకా కిందికి.
"ఇంకొక్క రాడ్డు" అన్న, నవ్వుకుంట.
వాళ్లిద్దరికి ఎందుకో తెల్వదు.

అడుగున పల్లిపొడి నాని ఉన్నది.
ఎప్పుడు దిగిందో ఆపిల్ రసం.
"కరకరలాడాలె, ముందుగల పోసిన" అని
బిడ్డ మొకం చిన్నది చేసుకున్నది.
చెంచను వెలుగుకు పట్టి
ఆ పొడిని శానసేపు చూసిన.
"మంచిగున్నది బిడ్డా, అడుగున తడున్నది" అన్న.

ఇదమ్మ పోపు సంగతి మరిచి వేలుతోని గిలాస ఊడుస్తున్నది.
బయట బండి ఆగిన చప్పుడు.
మా పెద్దబామ్మర్ది,
చేతిల నల్లకవరు.