ఇరవై ఎనిమిదో రోజు

సొహార్‌ల కాంక్రీటుకు కూడా జాతకం రాస్తం.
ఏ బ్యాచి, ఏ లారీ, పోసిన గడియ,
ఒంటి వేడి ఎంత, స్లంప్ ఎంత.
అచ్చుల్లోంచి తీసిన ఆరు క్యూబుల మీద
ఎర్ర మైనం పెన్సిలుతోని నంబరేసి
నీళ్ల తొట్లె పండవెడ్త.
మూడింటికి ఏడో రోజు గండం,
మూడింటికి ఇరవై ఎనిమిదో రోజు.

వెయ్యిమంది కట్టే సైటుల
పలగ్గొట్టి జీతం తీసుకునేటోణ్ని నేనొక్కణ్నే.

మంచి కాంక్రీటు చచ్చేముందు అరుస్తది.
ల్యాబు కిటికీ అదురుతది, చాయ గిలాస కదులుతది.
పంపుహౌస్ పునాది ఏడో గడి క్యూబు మాత్రం
సప్పుడు లేకుండ
తడిసిన బిస్కెట్టు లెక్క కూసుంది.
నలభై దాటాల్సిన ముల్లు ముప్పైఒకటి కాడ ఆగింది.
రెండోది ముప్పై.
మూడోది పెట్టేటప్పుడు చెయ్యి ఒణికింది.

వారం నాడే తక్కువొచ్చింది.
"పెరుగుతది లే" అన్నడు బిజు.
నేనూ అనుకున్న, పెరుగుతది లే అని.

మీటింగు రూముల హుస్సామ్ సారు
బోర్డు మీద చేప ముల్లు గీసిండు.
మనిషి, మిషను, సరుకు, పద్ధతి, కొలత, ఎండ:
ఒక్కో ఎముకకు ఒక్కో పేరు.
పగటిపూట మెస్సుల మేం తిని పారేసిన చేపే
గోడెక్కినట్టుంది.

ఐదుసార్లు 'ఎందుకు' అని అడగాల్నట.

బలం ఎందుకు తగ్గింది? నీళ్లెక్కువైనయి.
ఎందుకెక్కువైనయి? లింబాద్రి లారీల పైపు పెట్టిండు.
సారు పెన్ను అప్పుడే 'మనిషి' అన్న ఎముక మీద వాలింది.
రెండో ఎందుకు కాడనే అందరికీ ఆకలైంది.

నేను మీటింగులల్ల మాట్లాడ.
నా తరఫున ముల్లే మాట్లాడుతది.
కానీ ఆ రాత్రి టికెట్టు నా జేబుల ఉండె.
ప్లాంటు విడిచింది పదకొండు నలభై.
డ్రైవరు పాసు గడువు దాటిందని
గేటు కాడ రెండు గంటలు.
ఐసు కరిగిపాయె, కాంక్రీటు బిగుసుకపాయె, పంపు మింగకపాయె.
"ఎట్లనన్న పొయ్యి" అన్నది ఫోర్‌మన్.
పోసింది లింబాద్రి.

స్లంప్ నూటఇరవై అని రాసింది నేను.
పన్నెండు లారీలకు కొలిచి రాసిన చెయ్యి
పదమూడో లారీకి
కోను ఎత్తకుండనే రాసింది.
క్యూబులు మాత్రం పోసిన. అవి ఎవరి మాటా వినలే.

చెప్పిన.
ఏసీ సప్పుడు పెద్దగ ఇనవడ్డది.
సారు లింబాద్రి పేరు తుడిచి నా పేరు రాయవోయిండు.
"అది మూడోదే సార్, ఇంకా రెండున్నయి" అన్న.
రెండు పోతలకు ల్యాబోడు ఒక్కడేనని,
అది నాకు పద్నాలుగో గంటని అన్న.
ఐదోది అడిగేలోపల
బిజు దగ్గిండు. పెన్ను మూత పడ్డది.

మూల కారణం: మానవ తప్పిదం.
దిద్దుబాటు: శిక్షణ.
అరగంట శిక్షణకు నేనూ లింబాద్రీ దస్తకతులు పెట్టినం,
ఆయనది వేలిముద్ర.

తొమ్మిది రోజులు పట్టింది ఏడో గడి పగలగొట్టడానికి.
బ్రేకరు పట్టింది లింబాద్రే.
ఒక్క మాట అనలే. మూడో నాడు
గుట్కా పొట్లం సగం చించి నా చేతుల పెట్టిండు.

నిన్న రాత్రి మళ్ల పోసినం.
ఒక లారీకి కోను ఎత్తితే
ముద్ద కదలకుండ నిలవడ్డది.
వాపసు అన్న. ఫోర్‌మన్ అమ్మనక్కలు తిట్టిండు.
లారీ తిరిగిపోయేదాంక
లింబాద్రి నీళ్ల పైపు మీద కాలేసి నిలవడ్డడు.

పొద్దున క్యూబుల మీద నంబర్లేసిన.
ఒకదాని మీద, నంబరు కింద,
'పదమూడో గంట' అని కూడా రాసిన.
ఫారంల దానికి గడి లేదు.

తొట్లె మునిగినంక ఎరుపు ఇంకింత తేటగ కనవడుతది.
ఇరవై ఏడు రోజులున్నది.