తువ్వాల లేని పాట

కొత్తపేట పండ్ల మార్కెట్ల ముప్పై రెండేండ్లు
మామిడికాయకు పాట చెప్పిన.
పాటంటే రాగం కాదు.
కొనేటోడి చెయ్యి, నా చెయ్యి
ఒక్క తువ్వాల కింద దూరేవి.
రెండు వేళ్లు పట్టి నొక్కితే ఒక ధర,
అరచేతిల గోటితో గీస్తే ఇంకో ధర.
రైతు పక్కనే నిలబడి
బట్ట కదులుడు చూసేటోడు.
కొల్లాపూర్ రైతు ఒకాయన
"ఎంతకు పోయిందన్నా?" అని అడిగితే
"చిట్టీ వస్తది, సూస్కో" అన్న.
మొఖం యాదికున్నది, పేరు లేదు.

ఇప్పుడు నా నూట ఇరవై గజాలు అమ్మాలె.
చిట్టి పాడుకున్న దోస్తు పత్తా లేడు,
జామీను సంతకం నాది.

మొదటి బ్రోకర్ చెప్పులు విప్పకుండనే వచ్చి
దిక్సూచి తీసి, ఈశాన్యం తెగిందన్నడు.
రెండో ఆయన నల్లాలన్నీ తిప్పి
పెదవి విరిచిండు.
యాదిరెడ్డి మాత్రం మెత్తగ మాట్లాడిండు,
ఛాయ తాగిండు, తొంభై ఇప్పిస్త అన్నడు,
కొనేటోడికి ఎంత చెప్పిండో
అది మాత్రం చెప్పలే.

ఆ రాత్రి అండాలుతోని అన్న:
"మనింటి మీద ఎవరో తువ్వాల కప్పిండ్రే."
"ముప్పై రెండేండ్లు నువ్వు కప్పినవు గదా"
అని దుప్పటి గుంజుకొని
అటు మర్రి పండుకున్నది.

తెల్లారి కరపత్రాలు అచ్చేయించిన.
"ఇల్లేమన్న గణేశుని లడ్డా, పాట పెట్టనీకె?"
బస్తీ అంత నవ్వింది.
నవ్వనీ.

ఆదివారం పదింటికి సందుల టెంటు, నలభై కుర్చీలు.
యాభై వేలు బయానా కట్టినోళ్లకే నంబరు.
ఈసీ కాగితం, ఇంటిపన్ను రసీదులు
గోడకు మేకులు కొట్టి తగిలించిన.
వెనక అర్రల ఒక మూల
సుద్దముక్కతోని రాసిన: "ఇక్కడ కారుతది."
అండాలు తుడవబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నది.

పాత గిరాకీ బన్సీలాల్ సేఠు వచ్చిండు.
అలవాటు పోతదా,
భుజం మీది తువ్వాల తీసి
దాని కిందికెళ్లి చెయ్యి చాపిండు.
అదే పచ్చరాయి ఉంగరం.
నా వేళ్లు వాటంతట అవే లేచినయి.
కిందికి గుంజుకున్న.
"నోటితోని చెప్పు సేఠ్,
గడపల నిలబడ్డామెకు వినబడాలె."

డెబ్బై ఎనిమిది అన్నరు ఎవరో.
ఎనభై ఒకటి. ఎనభై నాలుగు.
బేకరీ ఫసీహుద్దీన్ ఎనభై ఎనిమిది దాక వచ్చి
"బస్" అని టోపీ సర్దుకున్నడు.
మీదికెళ్లి యాభై వేలు వేసింది
కర్రీ పాయింట్ చంద్రకళ,
చేతుల ఇంక పసుపు పోలే.

ఒకటోసారి అన్న.
రెండోసారి అన్న.
మూడోది,
ఎన్ని లారీల కాయ మీద అన్ననో ఆ మాట,
పచ్చి సొన లెక్క నాలుకకు అంటుకున్నది.
గడప దిక్కు చూసిన.
అండాలే అన్నది, సందు చివరి దాక:
"మూడోసారి!"

యాదిరెడ్డి చెప్పినదానికి లక్షన్నర తక్కువ.
ఆయన రెండు పర్సెంటు తీసేస్తే ఎంతనో
లెక్క మీరే వేస్కోండ్రి.

చంద్రకళ ముందుగాల ఆ మూలకే పోయింది.
"ఎంత కారుతది?"
"బొక్కెన పెడితే తెల్లారేసరికి సగం."
"బొక్కెన ఇచ్చిపోతరా?"
ఇచ్చిన.

టెంటు విప్పుతుంటే
సందు మలుపుల దారినపోయేటాయన ఎవరో
సైకిల్ ఆపి అడిగిండు:
"ఎంతకు పోయిందన్నా?"
పదిమంది ఒక్కసారే చెప్పిండ్రు.