వేర్నర్ నూనె

మైనస్ ఇరవై రెండు. సుపీరియర్ సరస్సు మీంచి గాలి.
గునపంతో పొడిస్తేగాని షట్టర్ లేవలేదు.

ఐలి లెహ్తో డ్రమ్ము అడుగున కుళాయి తిప్పి
ముందు నీళ్లు వదిలేస్తుంది.
చిరిగిన మేజోడులోంచి వడగడుతుంది
నల్ల నూనెని. ఆముదంలా,
దానికేం తొందర లేదు.

ఇందులో స్కూలు బస్సుది ఉంది,
రోడ్డు మీది మంచు తోసే లారీది ఉంది.
మొన్న ఎల్మా వాళ్ల నాన్నని మోసుకెళ్లిన
శవవాహనానిది కూడా.
అన్నీ ఒకే సన్నటి గొట్టంలోంచి దిగి
గరాజంతా వెచ్చబడుతుంది.

ఇవాళ మంట దగ్గింది.
చిటపటమని, ఏదో తియ్యటి వాసన.
ఎవరో కూలెంట్ కలిపి పోశారు.

ఎవరో తెలుసు.
నవంబరు నుంచి అరవై డాలర్లు బాకీ ఉన్న వేర్నర్
ఇదిగో, హీటరుకి వీపు పెట్టి నిలబడ్డాడు
ముక్కు తుడుచుకుంటూ,
రేపు ఇంకా చలట అని చెబుతూ.

ఐలి ఏమీ అనదు.
నాజిల్ విప్పి, బూడిద గీకి,
బిగించి, మళ్లీ వెలిగిస్తుంది.

"కాస్త జరుగు," అంటుంది,
"నా చేతులు కూడా ఉన్నాయి."