చిటికి

ఎల్లేషు ట్రాలీ ఆటో వెనక్కి తీస్తుంటే
సప్పుడన్న కాలేదు.
నూలు మూటల బరువుకు అదెంత, అంత చిన్నది.
తల్లి అరిచినంకనే మాకు తెలిసింది.

వెనక కుడికాలు. తొడ కాడ బొక్క
తోలు చీల్చుకొని బయటికొచ్చింది
తెల్లగ, గంజి పెట్టిన పోగు లెక్క.
ఎల్లేషు మెడల తువ్వాల తీసి కప్పిండు
సచ్చినదానికి కప్పినట్టే.
తువ్వాల కదిలింది.

చండూరు పశువుల దవాఖానల కంపౌండరు
"బర్రెకైతే రిజిస్టరుంది, దీన్నేడ రాయాలె" అన్నడు.
అన్నడు గాని కడిగిండు. రెండు సూదులు, నాలుగు కుట్లు.
బొక్కను లోపలికి నూకుతుంటే నా చెయ్యి కొరికింది.
పాలపండ్లు, నెత్తురు రాలే.
బతుకుతదని నాకు అప్పుడే అనిపించింది.
"పట్టీ గట్టిగ కట్టుర్రి, మరీ గట్టిగొద్దు" అన్నడు.
ఎంత గట్టిగనో చెప్పలే.

ఆ లెక్క మా గట్టుప్పల్ల ముత్తిలింగానికి తెలుసు.
నన్ను చేసుకోకముందు సంది
ఆసు మీద పోగులు కట్టే చేతులు.
సైకిల్ ట్యూబు సన్నగ చీరిన రబ్బరు;
వదులైతే రంగు లోపలికి పారుతది,
బిగువైతే పోగు తెగుతది.
ఆ రెండిటి నడిమి సందునే మేం చిటికి అంటం.
దాన్నే అమ్ముకొని తింటున్నం.

వెదురు పుల్లలు రెండు, పాత లుంగీ పీలికలు,
పైన రబ్బరు, ఎనిమిది ముళ్లు.
"పేరేం పెడదాం?" అన్న.
"బతకనీ తియ్" అన్నడు.

గడపల కూసొని చూస్తున్నది మా అత్త.
ఆమె మోకాళ్లను మా బోరు నీళ్లే వంచినయి.
లేవాలంటే గోడను బతిమాలాలె.
"బొక్కల సంగతి నన్నడుగుర్రి" అన్నది,
"అది లేస్తదో లేవదో నేను చెప్త."
చెప్పలే.
నడిజాము లేచి చూస్తే
ఆమె ముడుచుకున్న కాళ్ల సందున పండుకున్నది పిల్ల.
సాపనీకి రాని కాళ్లు, ఒక్క బొంత కింద.

వారమంత ఉచ్చ, చీము, ఈగలు, పసుపు.
నూలు వత్తి పాలల్ల ముంచి నోట్లె పెడితే చీకకపోయేది.
తొమ్మిదో నాడు వత్తినే మింగబోయింది.
ముత్తిలింగం కొస పట్టి గుంజుకుంట నవ్విండు.

పగలు మగ్గం గుంటల, తొక్కుడు పలకల పక్కన పెట్టెటోళ్లం,
సల్లగుంటదని.
నాడె అటు పోతే చెవులు అటు,
ఇటొస్తే ఇటు.

ఆ దినాలల్ల కట్టిన చీరకే ఒక వరుస తప్పింది.
నిద్ర లేని చెయ్యి గద. సేటు మూడొందలు కోసిండు.
కొంగుల పదకొండు ఏనుగులు సక్కగ నడుస్తయి,
పన్నెండోది వెనక కుడికాలు ఎత్తిపెట్టుకున్నది.
ఎవలో, ఏ ఊర్లనో, ఏ పెండ్లికో కట్టుకొని పోయుంటది.
ఎవలన్న చూస్తే బాగుండు.
ఎవలు చూడకున్నా బాగుండు.

నలభయ్యో నాడు విప్పినం.
రంగుల దేవిన పోగు విప్పినట్టే, ఒక్కో ముడి.
లోపలేమున్నదో విప్పేదాక
కట్టినోనికి గూడ తెలువదు.
బొచ్చు అణిగి, కాలు సగమై,
కుట్ల కాడ గులాబి రంగు తోలు.
నేల మీద పెట్టింది. ఎత్తింది.
వాసన చూసుకున్నది, ఎవలి కాలో అన్నట్టు.
మళ్ల పెట్టింది.
అత్త గోడ పట్టుకొని లేచి నిలబడ్డది.
ఎందుకు లేచినవే అంటే మాట్లాడదు.

ఇప్పుడు మలుపు కాడ ఎల్లేషు హారను కొడితే చాలు,
మూడున్నర కాళ్ల మీద ఉరుకుతది అరుసుకుంట.
చెప్పు ఇసిరినా ఆగదు.
వాడు బండి ఆపి, దిగి,
వెనక టైర్ల కిందికి వంగి చూసి
అప్పుడు ఎక్కి వెనక్కి తీస్తడు.
పిల్ల ఎదురుంగ నిలబడి మొరుగుతున్నా సరే
వంగి చూస్తడు.

"చిటికీ, రాయే" అంట నేను.
రాదు.