ఏడో నంబరు చీటీ

ప్రొద్దుటూరులో మా కాలేజీ ల్యాబు బల్లలన్నీ కడప బండలే.
ఒకదాని మీద యాసిడ్ తిన్న తెల్లమచ్చ, అరచెయ్యంత.
ఈరోజు నా చోటు అక్కడ.

చీటీ తీస్తే ఏడు.
పొట్లంలో చెంచాడు తెల్లపొడి.
రుచి చూడకూడదు.
అన్నీ మరిచిపోయినా
నాలుక ఆ ఒక్క నియమాన్నే తలుచుకుంటూ ఉంది.

మా నాయన బంగారం అంగట్లో గీటురాయి ముందర కూర్చుంటాడు.
నల్లరాయి మీద ఒక గీత, గీత మీద ఆమ్లం చుక్క.
నిలిస్తే బంగారం, చెరిగితే ఇత్తడి.
ఎవరికీ ఏమీ ఇవ్వనిదానికే
మా ఇంట్లో విలువ.

ఇక్కడ లెక్క తిరగబడింది.
ఇచ్చేదాన్ని వెతకాలి.
ఒక కొసన ఆల్డిహైడ్, మూయని గుప్పిట,
రాగి అడగ్గానే ఎలక్ట్రాన్లు ఇచ్చేసి
తాను ఆమ్లమై పక్కకు తొలిగేది.

బెనెడిక్ట్ నీలం ఐదు మిల్లీలీటర్లు,
నా చక్కెరనీళ్లు ఎనిమిది చుక్కలు.
ఓబుళమ్మ తెచ్చిన సొట్ట గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి.
"తొందరపడాకు పాపా, మూడు నిమిసాలు నిలబడల్ల."

పక్కన షంషాద్ గొట్టం
పచ్చబడింది, పసుపు తిరిగింది,
ఇటుకపొడై అడుగున కూర్చుంది.
నాది నీలం.
కిటికీ ఎండకు పట్టి చూశాను.
నీలమే.

"అయితే చక్కెర కాదంటావా?"
కడప నుంచి వచ్చిన సారు కళ్లజోడు పైనుంచి.
చక్కెరే సార్,
గ్లూకోజు చెయ్యి ఫ్రక్టోజు పట్టుకుంది,
ఫ్రక్టోజు చెయ్యి గ్లూకోజు పట్టుకుంది,
రాగికి చాచడానికి ఖాళీ చెయ్యి లేదు.
ఇదంతా లోపల.
బయటికి వచ్చింది రెండే మాటలు:
"నాన్ రెడ్యూసింగ్, సార్."

నిరూపించమన్నాడు.
పలచని యాసిడ్ వేసి మరగబెట్టాను.
చేతులు విడిపోయే చప్పుడేమీ వినపడదు.
నురగ ఆగేదాకా సోడా పొడి,
మళ్లీ నీలం, మళ్లీ సొట్ట గిన్నె.

ఈసారి
చెప్పాపెట్టకుండా ఎరుపు.

సారు మార్కు వేసుకుని ముందుకు పోయాడు.
ఓబుళమ్మ పోలేదు.
"మా ఆయప్ప గొట్టంలోనూ ఇట్నే వచ్చిండె,
పెద్దాసుపత్రిలో.
చక్కెర మానుకోమన్నారు.
మానుకోలే."

రెండు గొట్టాలూ తీసుకుంది, షంషాద్‌దీ నాదీ,
ఏది ఎవరిదో అడగలేదు.
కొళాయి దగ్గర
చింతపండు నలిపి పుల్లకు చుట్టి
అడుగున పట్టిన ఎరుపును
తోముతా ఉంది.