రెండో కట్ట

మెట్టెలు మొదలు చెప్పినయ్.
మడిల దిగిన మూడోనాడే
వెండి నల్లబడ్డది, మాడిన రొట్టె లెక్క.
చింతపండు పెట్టి తోమిన. మల్ల దిగిన. మల్ల నలుపు.
మొగడు ఉండంగనే తీసి గూట్లె పెట్టిన.

పిక్కల దాకా కొబ్బరినూనె రాసుకోనిదే
మా కాడ ఎవ్వరూ మడిల అడుగుపెట్టరు.
పొద్దుగాల కాలువల నురగ చూడాలె,
పత్తి ఏరి కుప్పవోసినట్టు.
పట్నం ఏమేం కడుక్కున్నదో గని
వలిగొండ దాటి మా తూముకాడికొచ్చేసరికి
ఆ నీళ్ళకు ఎవ్వరి పేరూ ఉండదు.

కాని ఆకు చూడు!
పాలకూర అరచెయ్యంత.
యూరియా కొనేది లేదు, ఎండకాలం ఎండేది లేదు.
ఈ నీళ్ళే ఇస్తారికి బండి కొనిచ్చినయ్,
చిన్నదాని ఫీజు కట్టినయ్.
తిట్టుకుంటనే మొక్కుతం.

ఆ పిల్ల పేరు నౌషీన్. యూనివర్సిటీల చదువుతదట.
బురద చెంచాతోని తీసి
కవర్ల పోసి నంబరు రాసింది.
"ఏముంటది బిడ్డా మా మన్నుల?"
"సీసం ఉండొచ్చు పెద్దమ్మా. కాడ్మియం, క్రోమియం..."
ఆ రెండూ నాకు నోరు తిరగలే.
సీసం ఎరుకే.
మా మామ విసురువల అంచుకు
సీసం గుండ్లు పంటితోని నొక్కి కట్టేటోడు.
చాపలు పోయినయ్, వల పోయింది, మామ పోయిండు.
సీసం ఇంకా నీళ్ళల్లనే ఉన్నదంటే
మొదలు నవ్వొచ్చింది.

"మూడు నీళ్ళు కడిగితే పోదా?"
"పోదు. వేరు తాగింది కదా."
"ఉడకబెడితే?"
తల అడ్డం ఊపింది.
ఒక్కనాడు తెల్వదట, ఏండ్లు పడ్తదట.
ఎముకల ఇంత, కిడ్నీల ఇంత
దాచుకుంట పోతదట,
వడ్డీకి పెట్టినట్టు.

పరీక్షకు ఒక కట్ట ఇమ్మన్నది.
ఇచ్చిన.
చెయ్యి దానంతటదే
ఇంటెన్క బోరు మడి దిక్కు పోయింది.
రెండు గుంటలు. మేం తినే మడి.
దాని సంగతి ఊళ్ళె అందరికీ ఎరుకే,
అంగట్ల ఎవ్వరికీ తెల్వదు.
పిల్ల సంబురంగ కవర్ల పెట్టుకొని
స్కూటీ ఎక్కింది.

కత్వ మలుపుకాడ అందుకున్న.
దమ్ము ఆడుతలేదు. కాలికి ఒక్కటే చెప్పు.
"గది కాదు బిడ్డా. ఇది."
చేతిల రెండో కట్ట, వేర్లకు నల్లబురద కారుకుంట.
ఎందుకని అడగలే ఆమె.
రెండిటికీ రెండు నంబర్లు ఏసింది.

తెల్లారి మూడున్నరకు ఆటో వచ్చింది.
చీకట్లనే కట్టలన్నీ ఎక్కించినం.
ఇస్తారి లెక్కపెట్టిండు.
ఒకటి తక్కువున్నదన్నడు.