విప్పడం

సోంపేట ఆస్పత్రి, మొదటి షిఫ్టు.
నాలుగో మంచం దాలమ్మది.
మంగళవారం, శుక్రవారం
కవిటి నుంచి తొలి బస్సుకి దిగుతుంది,
చేతిలో గోనె సంచి, అందులో సగం పేనిన కొబ్బరి తాడు.

సూదులు గుచ్చుతుంటే మొహం తిప్పుకోదు.
ఒకనాడు అడిగింది:
“నీలాద్రి బావూ, డయాలసీసంటే ఏటి?”
రక్తం కడగడం, అన్నాను,
అందరికీ చెప్పేదే.
“అది పని. నానడిగింది మాట.
ఈ మాట ఎవుడెట్టినాడు? ఏటనుకోని ఎట్టినాడు?”

ఆ రాత్రి
ట్రైనింగప్పటి పుస్తకం దుమ్ము దులిపాను.
గ్రీకు మాట.
డయా అంటే విడివిడిగా.
లిసిస్ అంటే విప్పడం.
అప్పు తీర్చుకోవడానికీ
ఒకప్పుడు అక్కడ ఇదే మాటట.

శుక్రవారం చెప్పాను.
గొట్టాలకేసి చూసింది, మిషను కేసి,
ప్లాస్టరు వేసిన తన ఎడమ చేతి కేసి.
సూది కదిలిపోతుందని నేను కంగారు పడేంత నవ్వింది.
“విప్పీడమా!
మరి నాలుగ్గంటలు కట్టీసినారేటి నన్ను?”
ఐదో మంచం మీది బైరాగి మేష్టారూ నవ్వారు,
ఆర్నెల్లకి.

అప్పు సంగతి మాత్రం చెప్పలేదు.
ఆ గోనె సంచిలో మందుల చీటీ కోసం వెతికినప్పుడు
తాకట్టు రసీదు నా చేతికి తగిలింది.

“మరి ఇయ్యో?”
కుడి చెయ్యి నడుం మీద పెట్టుకుంది.
మూత్రపిండాలు, అన్నాను.
ఈసారి నవ్వలేదు.
“మా ఆయనకి సముద్రం ఒడ్డున మూడెట్టినారు.
కాకి ఎంతకీ రాలేదు.
నా లోపట ముందే రెండెట్టీసినాడా దేవుడు?”

పిండమంటే కడుపులో బిడ్డ కూడా అప్పా,
అనేశాను, అర్థం దొరికిన తొందరలో.
ఆవిడ తాడు బయటికి లాగి
ఒక కొస పళ్ళ మధ్య బిగించి
ఒంటి చేత్తో పురి ఎక్కించబోయింది. కుదర్లేదు.

ఉద్దానమంటే ఉద్యానమని మా పెద్దలంటారు.
ఆ లెక్కన మేమంతా తోటలోనే పడుకుని ఉన్నాం,
ఐదు మంచాల మీద, వరసగా.
నీళ్ళా, మట్టా, ఎండా
అన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు.
ఆ జబ్బు పేరు చివర
తెలియని కారణం అని రాస్తాం.
దాని పుట్టుక ఏ పుస్తకంలో చూడను?

సూదులు తీసి
పత్తి పెట్టి గట్టిగా నొక్కి పట్టాను.
బయట కవిటి బస్సు హారను.
“విప్పీసినావా?”
విప్పేశాను అప్పా.
“మంగళారం వొస్తాను. కట్టుదువుగాని.”
చెప్పులు వెతుక్కుంటూ
సంచి నన్ను పట్టుకోమంది.